మట్టి పేరు, మంట లెక్క

సిరామిక్స్, శిల్పం కలిపి పెట్టే గ్రూప్ ఎగ్జిబిషన్లలో ఒక్కో వస్తువు పక్కన చిన్న లేబుల్ ఉంటుంది. కళాకారుడి పేరు, కృతి పేరు, ఏడాది, కొలతలు, ఆఖర్న ‘సిరామిక్’ అనో ‘స్టోన్‌వేర్’ అనో ఒక్క మాట. ఆ ఒక్క మాట చాలదంటాను. ఏ మట్టి, ఎక్కడి మట్టి, ఎంత వేడిలో కాలింది, ఎలాంటి బట్టీలో కాలింది అన్న నాలుగు సంగతులు రాయకపోతే చూసేవాళ్లకు సగం పనే కనబడుతుంది. అలా రాసిన ఎగ్జిబిషన్‌ను హైదరాబాద్‌లోని మాదాపూర్, బంజారాహిల్స్‌ల కన్నా ముందు నగర శివారు నాదర్‌గుల్‌లో పెట్టాలని కూడా అంటాను. ఇవి రెండు కోరికల్లా ఉన్నా, రెండో దానికి కారణం మొదటిదే.

రాతిశిల్పికి ఉలి కింద పెట్టేసరికి పని అయిపోతుంది. మట్టితో చేసేవాళ్లకు అసలు గండం అప్పుడే మొదలవుతుంది. తడిమట్టి ఆరి, కాలేసరికి సుమారు పదోవంతు కుంచించుకుపోతుంది. బొమ్మకు బుగ్గ మందంగా, చెవి పల్చగా ఉంటే రెండూ ఒకే తీరున ఆరవు. అతుకు దగ్గర నెర్రె విచ్చుతుంది. లోపల తేమ మిగిలితే బట్టీలో ఆవిరై బొమ్మనే పగలగొడుతుంది. రంగూ అంతే. గ్లేజులో రాగి కలిపారనుకోండి, బట్టీలో గాలి ధారాళంగా ఆడితే ఆకుపచ్చ తేలుతుంది, గాలి బిగించి కాలిస్తే అదే రాగి ఎర్రగా తిరుగుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా సెలడాన్ పాత్రల లేతపచ్చకు మూలం కూడా కాస్తంత ఇనుము, గాలి చాలని మంట. అది పూసిన రంగు కాదు, కాల్చి రప్పించిన రంగు. ఈ తేడా తెలియకుండా మెచ్చుకుంటే, చేసినవాళ్ల పనిని వదిలి మరేదో పనిని మెచ్చుకున్నట్టు.

మన దగ్గరే ఒక విచిత్రం ఉంది. 1940ల మొదట్లో హైదరాబాద్ సంస్థాన పురావస్తు శాఖ ఇప్పటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో తవ్వితే శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు బయటపడ్డాయి. వాటిలో తెల్లని కేయోలిన్ మట్టివి ఉన్నాయి. ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ రెండు అచ్చుల్లో ఒత్తి, అతికి, లోపల బోలుగా ఉంచి కాల్చారు. చేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు, పనితీరు తెలుసు. ఇవాళ్టి ఎగ్జిబిషన్‌లో పేరు తెలుస్తుంది, పనితీరు తెలియదు. సూర్యాపేటలో 1956లో పుట్టిన శిల్పి రవీందర్ రెడ్డి సంగతి చూడండి. బరోడాలో శిల్పం, లండన్‌లో సిరామిక్స్ చదివి, తొలినాళ్లలో టెర్రకోటలో పనిచేశారు. ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ఆడవాళ్ల తలలు, కొప్పులో పూలతో, విప్పారిన కళ్లతో, బంగారు పూతతో ఉన్నవి, ఫైబర్‌గ్లాస్‌వి. మనిషెత్తు తలను మట్టితో ఒకే ముక్కగా చేస్తే అది పట్టే బట్టీ కావాలి, పగలకుండా బయటికీ రావాలి. ఫైబర్‌గ్లాస్‌కు ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో లలితకళలు చదివిన పి.ఆర్. దారోజ్ మట్టిని వదలకుండానే భారీ పనులకు దిగారు. ఆయన ద్వారాలు, కుడ్యాలు ముక్కలుగా కాల్చి కూర్చినవి. ఈ ఇద్దరి పనినీ పక్కపక్కన పెడితే, ఏ పదార్థాన్ని ఎంచుకుంటే ఎలాంటి రూపానికి వీలవుతుందో లేబుల్‌తోనే తెలిసిపోతుంది.

నాదర్‌గుల్ ఎందుకంటే, మంట గురించి తెలిసిన జనం ఈ వైపున్నారు. కంచన్‌బాగ్‌లో మిశ్రలోహాలు తయారుచేసే మిధాని, లోహాల మీద పరిశోధన చేసే డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో సిరామిక్ పదార్థాల మీద కూడా పరిశోధన జరుగుతుంది. ఫర్నేస్ దగ్గర ఉద్యోగం చేసినవాళ్లకు 1240 డిగ్రీలంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్లకూ ఇది కొత్త కాదు. ఏటా వినాయక చవితికి మట్టి విగ్రహమా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహమా అని వాదించుకునే ఊళ్లివి. మట్టి వినాయకుడు నీళ్లలో కరిగేది కాల్చలేదు కాబట్టే. ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లబడేది, 800–900 డిగ్రీల్లో కాలిన మట్టికి సన్నని రంధ్రాలు మిగిలి తడి బయటికి ఊరి ఆవిరవుతుంది కాబట్టి. 1200 దాటి కాలిన స్టోన్‌వేర్‌లో ఆ రంధ్రాలు పూడిపోతాయి, నీళ్లు ఊరవు. ఇంట్లో రంజన్ వాడే మనిషికి గ్యాలరీలోని కూజా ఆ ఒక్క అంకెతో అర్థమవుతుంది.

కళను కంటితో చూడాలి గానీ లేబుల్ చదివి కాదు, ఇలా అయితే గ్యాలరీ లేబొరేటరీ అవుతుందని కొందరంటారు. కంచు శిల్పానికి కంచు అని, వర్ణచిత్రానికి కాన్వాస్ మీద ఆయిల్ అని రాస్తే ఎవరి కంటికీ అడ్డు రాలేదు. ఇంకో వరుస రాస్తే వస్తుందా? గ్లేజు రహస్యాలు పోతాయన్నది రెండో భయం. నేనడిగేది పాళ్లు కాదు, మట్టి, వేడి, బట్టీ మాత్రమే. ఒకే గ్లేజు, ఒకే బట్టీలో పై అరలో ఒకలా, కింది అరలో ఒకలా తేలుతుందని ఈ పని తెలిసినవాళ్లందరికీ తెలుసు. వేడి అంకె చూసి ఎవరూ కాపీ కొట్టలేరు. మూడో అభ్యంతరం బరువైనది. కొనేవాళ్లంతా పడమటి హైదరాబాద్‌లో ఉంటే ఇంత దూరం పెళుసు వస్తువులు మోసుకొచ్చి ఏం లాభం? అమ్మకం వరకూ ఆ మాట నిజమే, పడమట కూడా పెట్టుకోవచ్చు. కానీ కొనగలిగినవాళ్లకే చూపిస్తే చూడటం తెలిసినవాళ్లు ఎప్పటికీ పెరగరు. రాజస్థాన్‌లోని జైపూర్‌లో 2018లో మొదటి ఇండియన్ సిరామిక్స్ ట్రియెన్నేల్ పెట్టింది జవహర్ కళా కేంద్రలో, అమ్మకపు గ్యాలరీలో కాదు. ఇక దూరమంటారా, నాదర్‌గుల్ వైపు ఎల్బీనగర్ దాకా మెట్రో కూడా అదే ఏడాది నుంచి నడుస్తోంది.

నాదర్‌గుల్‌లో 1981లో స్థాపించిన ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. స్థానిక కళాకారులు తమ సిరామిక్స్, శిల్పాలు అక్కడ ఒక వారం పెట్టాలి, ఊళ్లో ఇప్పటికీ సారె తిప్పే కుమ్మరి చేసిన కుండను కూడా అదే బల్ల మీద, అదే నాలుగు వివరాల లేబుల్‌తో పెట్టాలి. కాలేజీ వాళ్లు హాలు ఇవ్వాలి. చూడటానికి వచ్చినవాళ్లు ఏ వస్తువు దగ్గరైనా సరే, ధర అడిగే ముందు ఎంతలో కాల్చారని అడగండి. జవాబు లేబుల్ మీద లేకపోతే రాయమని నిర్వాహకులను నిలదీయండి.