ఇల్లు కొండ దిగు విధము

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా మొదలుకొని ఎల్.బి. నగర్ కూడలి వరకు, మెట్రో స్తంభముల నీడన, చీకటి పడు వేళ నడచిపోవువారికి నిత్యము కనబడు దృశ్యములలో యాత్రా బస్సు ఒకటి. విజయవాడకును, తిరుపతికిని, విశాఖకును బయలుదేరు ప్రైవేటు బస్సుల వరుసలో అది వేరుగా నిలిచియుండును. దాని డిక్కీలో పెట్టెలు, సంచులు మాత్రమే గాక గంగాళములు, బియ్యపు బస్తా, గ్యాసు పొయ్యి, ఉల్లిగడ్డల మూట, వానికి తోడు బస్సులో ఒక వంటమనిషియు ఉండుటచేత, ఆ జనమంతయు కొన్ని దినములపాటు ఒకే కుటుంబమై, ఏ సత్రపు ముంగిటనో, ఏ చెరువు గట్టుననో వండుకొని తిని, మరల బస్సెక్కి పోవుదురు. మోటారు హోము అను వాహనమును చూచి మనవారు అబ్బురపడుచున్నారు గాని, ఇంటిని చక్రములపైకెక్కించు విద్యలో సగము మనకు ఇదివరకే తెలియును. తక్కిన సగము, అనగా ఆ యింటిని కొండ యెక్కించి క్షేమముగా దించు విద్య, బస్సు నడుపు డ్రైవరొక్కనికే తెలియును. అతనిని ఎవరును అడుగరు.

కొత్తపేటలో మా వీధివారొకరు, ఉద్యోగ విరమణానంతరము, ఒక టెంపో ట్రావెలరును కొని, సీట్లు తీయించి, రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, వెనుక మూలన మరుగుదొడ్డి అమర్పించుకొన్నారు. సినిమావారి కారవానులోని అద్దములు, మెత్తని సోఫాలు ఇందులో లేవు. ఆవకాయ జాడీ పెట్టుకొనుటకు గూడు మాత్రము కలదు. దానిని నడుపుటకు వారు కుదుర్చుకొన్నది నల్లగొండ ప్రాంతపు విశ్రాంత ఆర్టీసీ డ్రైవరును. చిరకాలము శ్రీశైలపు రూటులో బస్సు నడిపిన ఆయనను మేమందరము 'అన్నా' అనియే పిలుతుము, ఆయన మమ్ము 'సారూ' అని పిలుచును. ఆయన పక్క సీటున కూర్చుండియు, అప్పుడప్పుడు ఆయన దయతలచి ఇచ్చిన స్టీరింగు పట్టియు, నేను గ్రహించిన దానిని ఈ వారము వ్రాయుచున్నాను.

మా తూర్పు నగరవాసులకు వాహనము నడుపుట యనగా బ్రేకు, హారను అను రెండింటి పాండిత్యమే. దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చి, నాగోలు మైదానమున హెచ్ గీతల మధ్య పరీక్ష నిచ్చి, లైసెన్సు చేతబట్టుకొని వచ్చినవానికి తెలిసిన మిక్కిలి నిటారు దారి ఎల్.బి. నగర్ ఫ్లైఓవరు, అది ఎక్కిన నిమిషములోపుననే దిగిపోవును. ఆటో అడ్డము వచ్చినచో బ్రేకు, మనిషి అడ్డము వచ్చినచో హారను, రెండును ఫలింపనిచో తిట్టు. ఈ అభ్యాసముతో ఘాటు రోడ్డు మీదికి పోవువాడు మొదట చేయవలసినది క్రొత్త విషయము నేర్చుకొనుట కాదు, పాదమునకు పట్టిన పాత అలవాటు వదలించుకొనుట.

రింగు రోడ్డున సాగి తుక్కుగూడ చేరి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి, డిండి జలాశయమును చూచుచు పోయి, మన్ననూరు వద్ద నల్లమలలో ప్రవేశించినప్పుడు, ప్రయాణము ముగియవచ్చినదని సీట్లలోనివారు తలచుదురు. డ్రైవరుకు మాత్రము పని అచ్చటనే ఆరంభమగును. ఫరహాబాదు, వటువర్లపల్లి మీదుగా అడవిలో సుఖముగా సాగు దారి, దోమలపెంట, ఈగలపెంటల పిదప కృష్ణానది లోయవైపు వంకరలు తిరుగుచు ఒక్కసారిగా దిగజారును. అచ్చట అన్న నాకు చెప్పిన మొదటి మాట ఇది:

"ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కుతమో, దిగేటప్పుడు గా గేర్లనే దిగాలె సారూ. గేరు గుంజుడు గూడ మలుపుల గాదు, మలుపు రాకముందే."

ఈ మాటలోని శాస్త్రమును కొంచెము లెక్కగట్టి చూచితిని. నాలుగున్నర టన్నుల బండి 300 మీటర్ల ఎత్తునుండి దిగినదనుకొనుడు. వేగము పెరుగకుండ కేవలము బ్రేకులతోనే దానిని దించినచో, ఆ దిగుటలో పుట్టు వేడి 40 లీటర్ల చల్లని నీటిని మరిగించుటకు చాలును. గంగాళమెడు నీళ్లు మరిగించు వేడి అంతయు నాలుగు చక్రములలోని కొలది లోహమునందును, బ్రేకు లైనర్లయందును చేరినప్పుడు, లైనర్లు పట్టు సడలును, బ్రేకు నూనె మరిగి బుడగలు కట్టును, పెడలు మెత్తనై పాదము క్రింద నేలకు ఆనును. బ్రేకు 'ఫెయిలైనది' అని మరునాడు మనము పత్రికలలో చదువు సందర్భములలో కొన్నింట బ్రేకు విరిగియుండదు, తెగియుండదు, అది అలసిపోయియుండును. తగ్గు గేరులో ఉన్నప్పుడైతే బండి బరువు ఇంజనును బలవంతముగా త్రిప్పవలసి వచ్చి, ఆ శ్రమలో వేగము తానే అణగిపోవును. వేడి రేడియేటరు ద్వారమున, పొగగొట్టము ద్వారమున గాలిలో కలిసిపోవును. పెద్ద బస్సులకు దీనికి తోడుగా ఎగ్జాస్టు బ్రేకు ఉండును: పొగ వెడలు దారిని ఒక రేకుతో మూసి, ఇంజను తన ఊపిరితో తానే పెనగులాడునట్లు చేయుట దాని ఉపాయము. డీజిలు మిగులునను ఆశతో న్యూట్రలులో బండిని జార్చు మహానుభావులు మన దారులపై ఇంకను ఉన్నారు. వారిని గూర్చి అన్న ఏమియు అనడు. వారి వెనుక బండిని పోనీయక, పక్కకు తీసి, వారు కనుమరుగైన పిదప కదలును.

ఇక మలుపు. హెయిర్‌పిన్ మలుపున లోపలి వంపు వ్యాసార్థము 14 మీటర్లకు తగ్గరాదనియు, ఆ మలుపుచోట వాలు నలుబదింట ఒకటికి మించరాదనియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణము. కొండ కాగితము కాదు గనుక, ప్రమాణము ప్రతిచోట ఒకే తీరున దొరకదు. కారు తిరిగినట్లు ఇల్లు తిరుగదు. ముందు చక్రములు గీచిన వంపునకు లోపలిగా వెనుక చక్రములు కోసికొని పోవును. వెనుక ఇరుసు ఆవల వ్రేలాడు భాగము, మా బండిలో మరుగుదొడ్డి ఉన్న భాగము, దానికి విరుద్ధముగా వెలుపలికి ఊగును. అనగా ఒకే క్షణమున ఒక ప్రక్క కాలువలో పడు భయము, మరొక ప్రక్క ఎదుటి లారీకి తగులు భయము. నేను మలుపున దృష్టినంతను ఎదుట నిలిపి పోవుచుండగా అన్న మెల్లగా అన్నాడు: "ముంగట రోడ్డు యాడికి పోదు సారూ. ఎనక టైరు యాడున్నదో అద్దంల సూడుండ్రి."

అటుపిమ్మట ఆయన నడుపుచుండగా శ్రద్ధగా గమనించితిని. మలుపునకు ముందే వేగము చచ్చిపోవును, గేరు పడిపోవును, ఒక పొడవాటి హారను, ఒక క్షణము నిశ్శబ్దము. ఆ నిశ్శబ్దము ఎదుటివాని హారను వినుటకు. తరువాత బండి ముక్కును మనకు భయము కలుగునంత దూరము బయటికి పోనిచ్చి, అప్పుడు గాని స్టీరింగు త్రిప్పడు. త్రిప్పుచున్నంతసేపు చూపు అద్దమునకును దారికిని మధ్య ఊయలలూగుచుండును. వెనుక గూటిలోని ఆవకాయ జాడీ తలుపునకు 'టక్కు'మని తగులుట వినబడినచో ఆయన ముఖము చిట్లించును. బాగుగా నడిపిన మలుపున జాడీకి మలుపు తెలియరాదని ఆయన మతము.

ఇంటి సామాను విషయమై ఆయన పెట్టిన నియమములు మరికొన్ని కలవు; వానిలో నీళ్ల ట్యాంకును గూర్చినది నాకు మిక్కిలి నచ్చినది. ట్యాంకు నిండుగా ఉండవలెను, లేదా ఖాళీగా ఉండవలెను, సగము ఉండరాదు. సగము నిండిన ట్యాంకులో నీళ్లు ప్రతి మలుపునను ఒక ప్రక్కకు పరుగెత్తి, బండి నిలదొక్కుకొను వేళకు రెండవసారి త్రోయును. అందుచేత మన్ననూరు చేరకముందే అందరి స్నానములు ముగిసిపోవలెనని, లేదా ఎవరును స్నానమాడరాదని శాసనము. గ్యాసు సిలిండరు వాల్వు కట్టివేయవలెను, కత్తిపీట క్రింది అరలోనే ఉండవలెను, ఘాటులో ఎవరును పడకపై పడుకొనరాదు. ఈ కడపటి నియమమును మా వీధివారు తరచు అతిక్రమింతురు; ఇంటిలో పడుకొనకూడదన్న మాట వారికి మింగుడుపడలేదు.

కొండదారి ఇరుకైనచోట రెండు వాహనములు ఎదురుపడినప్పుడు ఎక్కువానికి దారి యీయవలెనని మన చట్టము: 1989 నాటి రోడ్డు నియమములలోను, వానికి బదులుగా 2017లో వచ్చిన నియమములలోను ఆ మాట కలదు. మర్యాదగా కనిపించు ఈ విధి యథార్థముగా యంత్రధర్మమును అనుసరించినది. ఎక్కుచు ఆగిపోయిన బండి బరువంతయు వెనుకకు లాగును. మరల కదలుటకు హ్యాండ్‌బ్రేకు, క్లచ్చి, యాక్సిలరేటరు మూడును ఒకే తాళమున పలుకవలెను. దిగువాడు ఆగినచో అతనికి పోయినది నిమిషము మాత్రమే. కాని ఆ నిమిషమును ఇచ్చుటకు ఒక్కొక్కప్పుడు వెనుకకు, ఎత్తువైపు, అద్దముల ఆధారముతో ఒక పెద్ద బండిని నడుపుకొని పోవలసియుండును. నాగోలులో హెచ్ గీతల మధ్య వెనుకకు నడిపించినది ఎందులకో అట్టిచోట తెలియవచ్చును.

ఎదురుబాటే లేకుండ చేయుట దీనికి ఉత్తమ పరిష్కారము. తిరుమలలో 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డు మీదనే ఎక్కువారును దిగువారును పోయిన కాలము కలదు. 1974లో రెండవది ఏర్పడిన పిదప, క్రొత్తది ఎక్కుటకు, పాతది దిగుటకు అయినది. దానికి తోడు అలిపిరి వద్ద కాలము ముద్రించిన చీటీ ఇచ్చి, ఎక్కుటకు 28 నిమిషములకన్న, దిగుటకు 40 నిమిషములకన్న ముందుగా చేరినవారికి దేవస్థానమువారు జరిమానా విధించు ఏర్పాటు చేసినారు. శీఘ్రముగా చేరినందుకు శిక్షించు దారి నేనెరిగినంతలో ఇదియొక్కటే. ఎక్కుటకన్న దిగుటకు అధిక కాలము విధించిన ఆ లెక్కవేసినవాడెవరో గాని, ఘాటు మర్మము తెలిసినవాడు. కొందరు యాత్రికులు కొండ మొగమున బండి ఆపి, వేరుసెనగలు ఒలుచుకొని తినుచు నిమిషములు గడిపి, అప్పుడు గేటు చేరుదురు; చట్టము మనవారిచేత చేయించిన పని అంతమాత్రమే.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినారు. ఆ బస్సులో సీట్లకు దాదాపు రెండింతల జనమున్నారని నాటి పత్రికలు వ్రాసినవి. అదే నెల 24న ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలు వచ్చినది; మా వీధులలో తోరణములు కట్టినారు. అన్నతో కొండగట్టు మాట యెత్తిన ఒక మారు ఆయన చాలసేపటివరకు పలుకక, "మనుషులు బరువు సారూ" అని మాత్రమన్నాడు. సీట్ల సంఖ్య అనునది సౌకర్యమునకు పెట్టిన హద్దని నగరపు బస్సులో వ్రేలాడువాడు తలచును. వాలు దారిలో అది బ్రేకులకు పెట్టిన హద్దు.

శ్రీశైలపు డ్యాము గేట్లు ఎత్తు దినములలో ఈ విద్యకంతటికిని పరీక్ష. ఆ వార్త టీవీలో రాగానే హైదరాబాదు సగము కార్లెక్కి బయలుదేరును. ఘాటులో ప్రతి వంపు వద్దను ఫొటోలకై బండ్లు నిలుపుదురు. దారి కిలోమీటర్ల కొలది బిగిసిపోవును. అట్టివేళ ఎత్తు దారిలో మూడడుగులు కదలి ఆగుచు, మరల మూడడుగులు కదలుచుండగా, కాలిన క్లచ్చి ప్లేటు వాసన ఏదో ఒక కారునుండి వచ్చి లింగాలగట్టు చేపల వేపుడు వాసనను మ్రింగివేయును. సగము క్లచ్చిపై బండిని నిలబెట్టుట నగరపు అలవాటు. అన్న మాత్రము హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు తీసి, ముందు బండి మూడు బండ్ల దూరము పోవువరకు కదలడు. వెనుకనుండి హారన్లు మ్రోగుచుండగా తమలపాకు మడుచుకొనుచు కూర్చుండును.

ఎక్కడ చీకటి పడిన అక్కడ పడుకొనవచ్చునన్నదే మోటారు హోమునకు గల ఆకర్షణ అని అమ్మువారు చెప్పుదురు. నల్లమలలో ఈ స్వాతంత్ర్యము చెల్లదు: అమ్రాబాదు పులుల అభయారణ్యములో రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు రాకపోకలు నిషిద్ధములు, అడవిలో బండి నిలుపుట అసలే కూడదు. కావున పడకలు, వంటగట్టు ఉన్న ఈ యిల్లు మన్ననూరు గేటు వద్ద ఆర్టీసీ బస్సువలెనే గడియారము చూచుకొని పరుగెత్తవలెను. న్యాయమే, అడవి పులిది, చెంచులది. మా వీధివారికి మాత్రము ఇది పెట్టిన డబ్బునకు తగిన ఫలముగా తోచుటలేదు.

అందుచేత వారి దృష్టి ఇప్పుడు మరొకవైపు మరలినది. రాజమండ్రి నుండి మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలము పోవలెననియు, ఆ అడవిలో కాఫీ కాచుకొని త్రాగవలెననియు వారి కోరిక. మొన్న అన్న బండి చుట్టు ఒకసారి తిరిగి, వెనుక టైరునుండి తోక చివరివరకు మూరలతో కొలిచి, "గా ఘాటుకు గిది పొడుగైతది. బండి రాజమండ్రి కాడ పెట్టి బస్సుల పోదాం సారూ" అన్నాడు. ఇంటిని దిగవిడిచి బస్సులో పోవు మాటకు మా వీధివారు ఇంకను సమ్మతింపలేదు. బ్రేకు లైనర్లు మార్చుటకు మాత్రము బండి ఆటోనగర్‌కు పోయినది.