అద్దెల గుమాస్తా తెల్లరంగు

‘ఈ ఉద్యోగమే లేకపోతేనా...’ అని నిట్టూర్చే కవులు, చిత్రకారులు మన చుట్టూ బోలెడుమంది. నేనూ ఆ బాపతే. అలా అనిపించినప్పుడల్లా ఎల్‌.ఎస్‌. లౌరీ (1887–1976) బొమ్మలు ముందేసుకుంటాను.

ఇంగ్లండులోని మాంచెస్టర్, సాల్ఫోర్డ్ వీధుల్ని బొమ్మకట్టిన లౌరీ 1910 నుంచి 1952లో రిటైరయ్యేదాకా అద్దెలు వసూలు చేసే కంపెనీలో గుమాస్తా. మొదట్లో సాయంత్రాలు ఆర్ట్ స్కూలుకు వెళ్లేవాడు. 1932లో తండ్రి అప్పులు మిగిల్చి పోయాక, మంచం పట్టిన తల్లికి సేవ. ఆమె నిద్రపోయాకే బొమ్మలు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం సంగతి మాత్రం బయటికి పొక్కనిచ్చేవాడు కాదు, తీరికవేళ బొమ్మలేసుకునేవాడిగా జమకడతారని. అనవసరపు భయం! అద్దెల పుస్తకం పట్టుకుని గడపగడపా ఎక్కకపోతే ఆ మిల్లు గేట్లు, పొగగొట్టాలు, గుమిగూడే జనం ఆయనకెక్కడివి? దారిలో చేతికందిన కవరు వెనకాలే గీసుకునేవాడు.

జనాన్ని అగ్గిపుల్లల్లా వేస్తాడని వెక్కిరించారు. దగ్గరగా చూడండి: పెద్ద పెద్ద బూట్లు, ముందుకు వంగిన నడుములు. కాళ్లకింద నీడలుండవు.

పనితనంలో నన్ను కట్టిపడేసేది ఆయన తెలుపు. బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయని బెర్నార్డ్ టేలర్ అనే విమర్శకుడు అనడంతో, తెల్లటి నేపథ్యం మీద వేయడం మొదలెట్టాడు. వాడిన రంగులు ఐదే: నలుపు, వెర్మిలియన్, ప్రష్యన్ బ్లూ, ఎల్లో ఓకర్, ఫ్లేక్ వైట్. ఈ చివరిది సీసపు తెలుపు. కాలం గడిస్తే ఏమవుతుందో తేల్చుకోడానికి ఓ చెక్కకు పూత మీద పూత వేసి, ఏళ్లతరబడి మూసిపెట్టాడు. తర్వాత కొత్తగా పూసిన చెక్క పక్కన పెట్టి చూస్తే, పాతది కాస్త బూడిద, కాస్త మీగడ కలిసిన రంగుకు తిరిగింది. ఆయనకు కావలసిందదే. తను పోయాకగానీ తన బొమ్మలకు అసలు కళ రాదనేవాడు. అంత ఓపిక నాకైతే లేదు, ఈ కాలమ్ వచ్చే వారానికే పాతబడుతుంది.

1948లో మోట్రం అనే ఊళ్లో, నచ్చలేదంటూనే కొన్న ఇంట్లో చివరిదాకా ఒంటరిగా బతికాడు. అయినా స్నేహితులు లేకపోలేదు. ఏకాకితనాన్ని కొంత పెంచి చెప్పుకున్నాడనే నా అనుమానం. 1968లో నైట్‌హుడ్ ఇస్తామంటే వద్దన్నాడు.

1953లో ఆయన వేసిన ‘గోయింగ్ టు ద మ్యాచ్’ 2022 వేలంలో 78 లక్షల పౌండ్లు పలికింది. కొన్నది సాల్ఫోర్డ్‌లో ఆయన పేరు పెట్టుకున్న కళాకేంద్రమే. ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం చూడ్డానికి వెళ్లే మన పిల్లలు ఆ దగ్గర్లోనే ఉన్న ఈ కేంద్రానికీ ఓ పూట కేటాయించాలి.