పదును తెలిసిన చేయి

నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ ఎక్కేవాళ్లకు దారికి అడ్డంగా చెట్టు పడితే ఎంత ఇబ్బందో తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎక్కడికక్కడ చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. అలాంటప్పుడు మొదట కావలసింది చైన్ సా అనే గొలుసు రంపం, దాన్ని వాడటం తెలిసిన మనిషి. మామూలు రోజుల్లో సరుగుడు, నీలగిరి తోటల్లోంచి దాని మోత మాత్రమే మనదాకా వస్తుంది. ఆ మోత వెనకున్న పనితనం చూడదగ్గది.

ఇంజన్ ఆపి, గ్లౌజులు వేసుకుని గొలుసును దగ్గరగా చూడండి. ఒక పన్ను ఎడమకు తిరిగి ఉంటే తర్వాతది కుడికి ఉంటుంది. ప్రతి పంటికీ ముందు డెప్త్ గేజ్ అనే చిన్న మిట్ట. చాలా గొలుసుల్లో అది పంటి అంచు కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. ఒక్కో పన్ను ఎంత మందాన చెక్క తీయాలో నిర్ణయించేది ఆ తేడాయే. మిట్టను మరీ అరగదీస్తే రంపం కర్రను పట్టి గుంజుతుంది. అరగదీయకుండా వదిలేస్తే పళ్లు చెక్క మీద జారిపోతాయి.

ఈ పంటికి రూపమిచ్చినవాడు అమెరికాలో చెట్లు కొట్టే జోసెఫ్ కాక్స్. 1946లో ఒక మొద్దును తొలుస్తున్న పురుగును ఆయన గమనించాడు. అది దవడలను కుడికీ ఎడమకూ ఆడిస్తూ, నారకు అడ్డమైనా నిలువైనా ఆగకుండా సాగిపోతోంది. ఆ తీరునే ఆయన ఉక్కులోకి తెచ్చాడు. నేటికీ గొలుసులు అదే పద్ధతిలో తయారవుతున్నాయి.

పదును పెట్టేటప్పుడే పనివాడి స్థాయి తెలుస్తుంది. పంటి కొలతకు సరిపోయే గుండ్రటి ఆకురాయిని, సాధారణంగా 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి ఒకే దిశలో తోయాలి. మొదటి పంటికి మూడు తోపులు పడితే అన్నిటికీ మూడే. ఒక వైపు పళ్లు పొట్టివైతే కోత ఒక పక్కకు ఒరిగిపోతుంది. పదును కుదిరితే మొద్దు నుంచి చెక్క పెచ్చులు రాలతాయి. మెత్తటి పొడి రాలిందంటే మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే.

ఇక చెట్టు పడగొట్టడం. పడాల్సిన వైపు కాండం మందంలో నాలుగో వంతు దాకా గాటు తీస్తారు. ఆ తర్వాత వెనక నుంచి కోస్తూ, మధ్యలో దాదాపు పదో వంతు చెక్కను కోయకుండా వదులుతారు. 30 సెంటీమీటర్ల చెట్టుకు అది 3 సెంటీమీటర్లు. ఆ చెక్కే తలుపు కీలులా వంగి, చెట్టును అనుకున్న వైపుకు నడిపిస్తుంది. పూర్తిగా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ప్రపంచ లాగింగ్ పోటీల్లో పరీక్షించేది ఈ నేర్పునే. నేలలో పాతిన గుంజ మీదికి పడేలా చెట్టును కూల్చాలి. ఇంకో పోటీలో, పలక మీద రంపపు పొడి కప్పి దానిపై మొద్దు ఉంచుతారు. మొద్దు పూర్తిగా తెగాలి, పలకకు మాత్రం గీత పడకూడదు. కంటికి కనిపించని అంచు దగ్గర గొలుసును ఆపగలిగిన చేతికే గెలుపు.

ఇలాంటి పోటీలు మన నర్సీపట్నంలోనూ జరగాలి. మైదానానికీ మన్యానికీ నడుమ ఉన్న ఈ ఊరి చుట్టూ తోటలున్నాయి, కోతపని మీద బతికేవాళ్లున్నారు. నాలుగు సరుగుడు మొద్దులు దించి, పదును పెట్టడంలో ఒక పోటీ, కోతలో ఒక పోటీ పెట్టవచ్చు. హెల్మెట్, కాలి రక్షణ లేనివారిని బరిలోకి దించకూడదన్న నియమం ఉంటే చాలు, కొత్తవాళ్లకు జాగ్రత్త కూడా అలవడుతుంది. అటవీ శాఖ, రైతు సంఘాలు ముందుకొస్తే ఇది పెద్ద ఖర్చు కాదు. ఈ చేతులకు కూలితో పాటు చప్పట్లూ దక్కాలి.