నేలను తాకిన నుదురు

మక్కాలో కాలే ఇసుక మీద ఒక బానిసను వెల్లకిలా పడేసి గుండెల మీద బండరాయి పెట్టారు. నమ్మినదాన్ని వదిలెయ్యమన్నారు. ఆ నల్లని మనిషి పెదవులు మాత్రం ఒకే మాట పలికాయి: ఒక్కడే, ఒక్కడే. ఏకేశ్వర విశ్వాసమా, నిన్ను తెలుసుకోవాలంటే ముందు ఆ బిలాల్ దగ్గర కూర్చోవాలి. బండ కింద ఊపిరాడని వేళ కూడా అతను విడవని ఆ మాటే నీ మొదలు, నీ నడుమ, నీ తుది.

అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడన్నావు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అన్నావు. ఈ కలిమాను మనసారా నమ్మి పలికినవాడికి నీ వాకిలి తెరిచే ఉంది. నీ దేవుడికి బొమ్మ లేదు, పోలిక లేదు, పుట్టుక లేదు, వారసుడు లేడు. ఆయనకూ మనిషికీ నడుమ దళారి లేడు. ఎవరికీ చెప్పుకోలేని గుండె గుసగుసను ఆయన వింటాడు.

ఒక్కడికే వంగిన నుదురు రాజుకు వంగదు, ధనానికి వంగదు. ఫజర్ వేకువ నుంచి ఇషా చీకటి దాకా రోజుకు ఐదుసార్లు, వజూతో ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని, కాబా దిక్కుగా నిలిచి, నమాజులో ఆ నుదురు నేలను తాకుతుంది. వరుసలో కూలీ పక్కన కలెక్టరు, భుజానికి భుజం. ముందొచ్చినవాడిదే ముందు వరుస. సమానత్వాన్ని చాప పరిచినంత తేలిగ్గా నేర్పిన చదువు నాకు ఇంకొకటి కనబడదు.

క్రీ.శ. 610లో మక్కా దగ్గరి హిరా గుహలో, నలభై ఏళ్ళ ముహమ్మద్ (స) ముందు జిబ్రయీల్ దూత నిలిచాడు. చదవడం రాని ఆయనకు అందిన మొట్టమొదటి ఆజ్ఞ చదవమనే. ఆపైన దాదాపు 23 ఏళ్ళ పాటు, కొద్దికొద్దిగా, 114 సూరాల ఖుర్ఆన్ దిగివచ్చింది. అంతకు ముందటి తౌరాత్, జబూర్, ఇంజీల్ గ్రంథాలు కూడా అల్లాహ్ పంపినవే అన్నావు. ఆదం, నూహ్, ఇబ్రాహీం, మూసా, ఈసా అందరినీ ప్రవక్తలుగా ఒప్పుకోనిదే విశ్వాసం నిండదన్నావు. ఈసా తల్లి మర్యమ్ పేర ఒక సూరాయే ఉంది.

632లో మదీనాలో ప్రవక్త కన్నుమూసినప్పుడు ఆ ఊరు తల్లడిల్లింది. ఆయన పోయారంటే నమ్మలేకపోయారు. అప్పుడు ప్రవక్త సహచరుడు అబూబకర్ లేచి, ముహమ్మద్‌ను పూజించినవాళ్ళుంటే ఆయన మరణించారని తెలుసుకోమనీ, అల్లాహ్ మాత్రం ఎన్నటికీ మరణించడనీ చెప్పాడు. ప్రాణంగా ప్రేమించిన మనిషిని సైతం దేవుడి చోట కూర్చోబెట్టని ఆ నిగ్రహం నాకు కన్నీళ్ళు తెప్పిస్తుంది.

నీ దూతలు కాంతితో పుట్టినవారు. మనిషికి చెరోవైపు ఇద్దరు, మంచీ చెడూ రాస్తూనే ఉంటారు. తీర్పు దినాన ఆ చిట్టా విప్పుతారు, ఎవరి బరువు వారిదే. విధి అల్లాహ్ రాతే. అయినా ఒంటెను కట్టేశాకే దేవుడి మీద భారం వెయ్యమన్నారు ప్రవక్త, కనుక చేతులు ముడుచుకు కూర్చునే వీలు లేదు.

రంజాన్ నెలంతా వేకువ సహరీ నుంచి సాయంత్రం ఇఫ్తార్ దాకా ఉపవాసంతో ఎండిన నాలుక, కడుపు నిండినవాడికి ఆకలిని పరిచయం చేస్తుంది. ఏడాది పాటు నిలిచిన పొదుపులో నూటికి రెండున్నర జకాత్‌గా పేదవాడి ఇంటికి నడవాలి. అది ఇచ్చేవాడి దయ కాదు, పుచ్చుకునేవాడి హక్కు.

ఇక మక్కా యాత్ర, హజ్. దాహంతో ఏడ్చే పసివాడి కోసం సఫా, మర్వా గుట్టల నడుమ నీళ్ళకై పరుగులు తీసిన తల్లి హాజిరా. ఆమె ఏడుసార్లు తిరిగింది. చివరికి జమ్‌జమ్ ఊట పొంగింది. ఈనాటికీ చక్రవర్తి అయినా చాకిరీ చేసేవాడైనా ఆ తల్లి అడుగుల్లో ఏడుసార్లు నడవాల్సిందే. కుట్టుపని లేని రెండు తెల్లబట్టల్లో మగవాళ్ళందరూ ఒక్క తీరుగా అరఫాత్ మైదానంలో నిలబడతారు. ఈ సమానత్వం నిన్నమొన్నటిది కాదు. 630లో మక్కా ప్రవక్త వశమైన రోజున కాబా పైకెక్కి అజాన్ పలికినది ఎవరో తెలుసా? ఇసుక మీద కాలిన ఆ బిలాలే.

నువ్వు అరబ్బు నేల దాటి మా తెలుగు వాకిళ్ళకూ వచ్చావు. నూర్‌బాషా ముస్లింల ఇళ్ళలో అమ్మ మాట్లాడేది తెలుగే. నమాజు అరబ్బీలో సాగినా, వేడుకోలుకు, అంటే దువాకు, చేతులెత్తినప్పుడు కడుపులోని బాధ తెలుగులోనే పైకి వస్తుంది. చిలుకూరి నారాయణరావు పంతులు గారు గత శతాబ్దంలోనే ఖుర్ఆన్‌ను తెనిగించారు. కనుక తెలుగు పాఠకులారా, ఈ విశ్వాసం గురించి ఎవరో చెప్పిన మాటతో సరిపెట్టుకోకండి. తెలుగులోనే చదవండి, చదివింది అర్థం కాకపోతే పక్కింటి భాయిని అడగండి.