వెంకటేశానికి దొరకని గురువు

కన్యాశుల్కంపై వచ్చిన విమర్శలో గిరీశానికీ మధురవాణికీ దక్కిన చోటు వెంకటేశానికి దక్కలేదు. అతన్ని గిరీశం మాటలకు శ్రోతగా, నవ్వు పుట్టించే కుర్రవాడిగా చూసి వదిలేయడం పరిపాటి. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఈ నాటకాన్ని గురజాడ 1909లో ఎంతో మార్చి, పెంచాడు. ఆ మలికూర్పును మగపిల్లవాడి వైపు నుంచి చదివితే మరో ప్రశ్న ఎదురవుతుంది: మగవాడు కావడమంటే ఏమిటో పిల్లవాడికి నేర్పేదెవరు?

వెంకటేశం ఎదుట ఉన్న మొదటి నమూనా తండ్రి. అగ్నిహోత్రావధాన్లుకు బాగా వచ్చిన భాష కోపం. పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువుగా కళ్ళెదుటే ఉన్నా, చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి సిద్ధపడతాడు. భార్య మొర ఆయన చెవికెక్కదు. కొడుకు ఇంగ్లీషు చదువు ఆయన దృష్టిలో ఖర్చుల పద్దు. పరీక్ష తప్పానని అలాంటి తండ్రితో చెప్పడం ఏ పిల్లవాడికీ తేలిక కాదు.

ఆ భయమే గిరీశానికి తలుపు తీస్తుంది. ఇంట్లో దొరకని చనువు, తీరిక, తనను పెద్దవాడిగా లెక్కించే మాట అతని దగ్గర దొరుకుతాయి. అలాగని వెంకటేశం పూర్తిగా భ్రమలో లేడు. చుట్ట కాల్చడం తప్ప తనకేమీ అబ్బలేదని మొదటి అంకంలోనే గురువును దెప్పుతాడు. లోపం కనిపిస్తూనే ఉంది. వెళ్ళడానికి మరో చోటు లేదు. వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే పాఠాలు వినేది తమ్ముడు, వాటి గురి అక్క. సంస్కరణ మాటలు వలగా మారడానికి ఆ పిల్లవాడి సమక్షమే సాధనమవుతుంది.

ఇదే నాటకంలో మరో కుర్రవాడున్నాడు: మేనమామ కరటకశాస్త్రి శిష్యుడు. సుబ్బిని తప్పించడానికి ఆడపిల్ల వేషం వేసుకుని, పెళ్ళికూతురుగా లుబ్ధావధాన్లు ఇంట అడుగుపెడతాడు. చీర కట్టినందుకు అతని మగతనానికి లోటు రాలేదు. అతని ధైర్యమంతా ఆ చీరలోనే ఉంది. వెంకటేశానికి ఉపన్యాసాలు దక్కితే, ఇతనికి ఒకరి ప్రాణం నిలిపే పని దక్కింది. అయితే ఈ నమూనా కూడా నిష్కళంకం కాదు. పని నెగ్గుకొస్తే తన కూతుర్నిచ్చి ఇల్లరికం ఉంచుకుంటానని కరటకశాస్త్రి ఆశ పెడతాడు. ఒక ఆడపిల్లను కాపాడినందుకు బహుమానం మరో ఆడపిల్ల! సంస్కర్తల పక్షాన నిలిచిన నాటకం తనవాళ్ళనూ ఉపేక్షించలేదు.

చివరి రంగంలో గిరీశం బండారం సౌజన్యారావు ఎదుట బయటపడుతుంది. కోపం, బుకాయింపు లేకుండా నిలబడగల పెద్దమనిషి ఆయన. ఆయనకూ వేశ్యల పట్ల పట్టింపు ఉంది, దాన్ని మధురవాణి కదిలిస్తుంది. తప్పు దిద్దుకోగల మగవాడిని చూసే ఆ అవకాశం వెంకటేశానికి రాలేదు. అతను ఆ రంగంలో లేడు.

నేడు డాలస్‌లోనైనా దుబాయిలోనైనా గిరీశం క్రిస్మస్ సెలవులకు బండెక్కి రానక్కరలేదు. కుర్రవాడి గదిలో, చేతిలోని ఫోనులోనే ఉంటాడు. సంపద, కండలు, ఆడవాళ్ళను లొంగదీసుకోవడం గురించి అదే దర్జాతో మాట్లాడతాడు. ఫోను లాక్కున్నంత మాత్రాన అతను వెళ్ళిపోడు. పరీక్ష తప్పానన్న మాట కొడుకు తండ్రికి నేరుగా చెప్పుకోగల ఇంట్లో మాత్రం అతనికి అంత సులువుగా చోటు దొరకదు.