సంఖ్యయు సమీక్షయు: ‘మనసానమః’ చిత్రమును గూర్చి

పర్సుడీహ్‌లోని మా యింటికి టాటానగరు రైలునిలయము దూరము కాదు. ఉక్కు పనికిని రైలు పనికిని తరతరములుగా తెలుగువారు ఈ జంషెడ్‌పురము చేరిరి. వారి బిడ్డలలో తెలుగు మాటలాడియు చదువలేనివారు పెక్కురు. అట్టి పిల్లలతో కూర్చుండి దీపక్ రెడ్డి రచించి దర్శకత్వము వహించిన ‘మనసానమః’ అను లఘుచిత్రమును ఇటీవల మరల చూచితిని. 2020లో వెలువడిన ఈ చిత్రము 513 బహుమతులు పొంది, అత్యధిక పురస్కారములందిన లఘుచిత్రముగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. చిత్రము ముగియగానే పిల్లలు, “ఇన్ని బహుమతులు దీనికెందుకు వచ్చినవి?” అని యడిగిరి. వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ లోపము నా యొక్కనిదే కాదని తోచి ఇది వ్రాయుచున్నాను.

కథ స్వల్పము. సూర్య అను యువకుడు తన గత ప్రణయములను తలచుకొనును. కథనము ముగింపునుండి మొదటికి, వెనుకకు నడచును. విప్రలంభము లేనిదే సంభోగశృంగారము పుష్టి నొందదని మన యాలంకారికుల మతము. ఇచట ఆ క్రమమే కథాసంవిధానమైనది. తొలిపరిచయపు సంతోషము మన కంటబడు వేళకు, అది నిలువదని మనకు ముందే తెలిసియుండును. చిత్రములోని ఆర్ద్రత ఆ యెరుకనుండి పుట్టినదే కాని సంభాషణలనుండి కాదు.

నాయికల పేర్లు చైత్ర, వర్ష, సీత. తెలుగు చెవికి వసంతము, వర్షము, శీతము స్ఫురించును. ఋతువులకు కారణము సూర్యుడే కదా! పేరును చూడుడు: చతుర్థీవిభక్తి యైనచో ‘మనసే నమః’ అనవలెను. ‘మనసా’ యనుటచే అది మనస్సునకు నమస్కారము కాక మనస్సుతో చేయు నమస్కారమగుచున్నది. అడుగున పరుగెత్తు ఆంగ్ల ఉపశీర్షికలలో ఈ ధ్వని నిలుచుట దుర్ఘటము. అనువాదము చేయువారికి ఈ బాధ క్రొత్తది కాదు.

లోపమును చెప్పవలెను. ఋతువులు వచ్చిపోవును; వానికి తమ మనస్సు ఉండదు. ఈ స్త్రీలును సూర్య స్మృతిలో మెరసి మరుగగుదురే కాని, అతనిని గూర్చి వారేమి తలచిరో మనకు తెలియదు. మనస్సునకే పట్టము గట్టిన చిత్రమున ఇది చిన్న కొరత కాదు.

ఇక బహుమతుల మాట. చిత్రోత్సవము లన్నియు నొక్క స్థాయివి కావు. కొన్నిట తీర్పరులు పెక్కు చిత్రములను వడబోసి, వాదించి, ఒకదానిని ఎన్నుకొందురు. కొన్ని ప్రవేశరుసుము గైకొని నెలనెలకు జాబితాలు ప్రకటించును. మొత్తపు సంఖ్య ఈ భేదమును చెప్పదు. ధనబలము లేని యువకులకు ఉత్సవములే ద్వారములు కావున వానిని నిందింపను. ద్వారము దాటి వచ్చినదానిని మనమేమి చేసితిమన్నదే నా ప్రశ్న.

1952లో పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’కు న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథలపోటీలో ద్వితీయ బహుమతి వచ్చినది. అది ఒక్క బహుమతి. కాని ఆ కథను మనము చదివితిమి, చర్చించితిమి, నేటికిని చర్చించుచున్నాము. శతావధానమున పృచ్ఛకుల సంఖ్య నూరైనను, ఇల్లు చేరిన శ్రోత నెమరువేయునది నచ్చిన యొక్క పద్యమునే. ‘మనసానమః’ విషయమున మనము సంఖ్యను నెమరువేయుచున్నాము. సన్మానముల పట్టికను గ్రంథపు అట్టపై అచ్చొత్తించుకొను మన రచయితలకును ఇందు ఆలోచింపదగినది కలదు.

మరునాడు పిల్లలకు ఆ మూడు పేర్ల అర్థము విడమరచి చెప్పితిని. వారు చిత్రమును మరల చూచిరి. ఈమారు బహుమతుల మాట యెత్తలేదు. సీత ఏమనుకొన్నదో చిత్రములో ఏల లేదని యడిగిరి.