మూకుడు పెట్టని సంక్రాంతి

సంక్రాంతి ముందు వారం ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఏ వీధిలో నడిచినా ఏ ఇంట్లో పండగ ఉందో, ఏ ఇంట్లో లేదో ముక్కుకే తెలిసిపోతుంది. కాగిన నూనెలో బెల్లం పిండి వేగుతున్న వాసన రాని ఇల్లు ఉందంటే, ఆ ఏడు అక్కడ ఎవరో పోయారని లెక్క. మనిషి పోయిన ఇంట ఏడాది తిరిగేదాకా మూకుడు పెట్టరు. అరిసెలు, బూరెలు, గారెలు వండుకోరు. అలాగని తినరని కాదు. చుట్టాలో పక్కింటివాళ్లో తమ పొయ్యి మీద వండి పట్టుకొస్తే తింటారు. కులాన్ని బట్టి, ఇంటిని బట్టి వివరాలు మారతాయి గానీ ఆచారం మూలం ఇదే. దీన్ని చాలామంది నిషేధమంటారు, కొందరు మూఢత్వమంటారు. నాకు మాత్రం ఇది పని పంపకంలా కనిపిస్తుంది. పోయింది పసివాడైనప్పుడు దీని అవసరం మరీ ఎక్కువ.

ఎందుకంటే బిడ్డ చావుకు శాస్త్రం ఇచ్చిన చోటు చాలా తక్కువ. మనుస్మృతి ఐదో అధ్యాయం ప్రకారం రెండేళ్లు నిండని బిడ్డకు దహనం లేదు, పూడ్చిపెట్టడమే. పుట్టు వెంట్రుకలు తీయని బిడ్డ పోతే అశౌచం ఒక రాత్రి, తీశాక పోతే మూడు రాత్రులు. పెద్దవాళ్లకు జరిపినట్టు పసిబిడ్డకు నెలనెలా మాసికాలు ఉండవు, ఏటేటా తద్దినం ఉండదు. పుట్టినవాళ్లలో ఎందరో దక్కని కాలంలో అంతకంటే ఎక్కువ రోజులు పాటించమంటే సంసారాలు సాగేవి కావేమో. కారణమేదైనా, లెక్క ప్రకారం తల్లి నాలుగో రోజుకు మామూలు మనిషి అయిపోవాలి. సంక్రాంతి దగ్గరకొచ్చేసరికి ఈ లోటు ఇంకా పెరుగుతుంది. అది పెద్దల పండగ. తాతలకూ ముత్తాతలకూ బట్టలు పెట్టి, ఆకు వేసి వడ్డిస్తారు. పెద్దల వరసలో చేరని బిడ్డకు ఆ ఆకు లేదు. కానీ పండగ సందడంతా పిల్లల చుట్టూనే తిరుగుతుంది. భోగిమంటలో వేసే పిడకల దండ వాళ్లదే. సాయంత్రం రేగిపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర, బంతిపూల రేకులు కలిపి పోసేది వాళ్ల తలమీదే. హరిదాసు గిన్నెలో బియ్యం పోయడానికి గుమ్మంలోకి పరిగెత్తేదీ వాళ్లే. శాస్త్రం మూడు రాత్రులతో సరిపెట్టిన దుఃఖానికి వంటిల్లు ఏడాది గడువిచ్చింది. మూకుడు నియమం చాలా ఇళ్లలో పోయినవాళ్ల వయసు అడగదు. జనం ఇలా శాస్త్రాన్ని దాటి చోటు చేసుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. చిన్నతనంలో పోయిన పిల్లల్ని వీరభద్రుడి అంశగా తలచి, ఇంట్లో పెళ్లికి ముందు సంబరం చేసే కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి.

ఇంతకీ ఆపేది మూకుడునే ఎందుకు? జవాబు అరిసె చేసే పద్ధతిలో దొరుకుతుంది. బియ్యం ఒక రోజంతా నానాలి. నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. పిండి ఆరిపోతే అరిసె గట్టిపడుతుంది కాబట్టి, జల్లించింది జల్లించినట్టు అదిమి గుడ్డ కప్పుతారు. ఇక పాకం. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే అది కరగకుండా వేళ్ల మధ్య ఉండ కట్టాలి. లేతగా దింపితే నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు లొంగదు. ఆ రెంటి మధ్యా ఉండే సమయం చాలా కొద్ది. ఆ కాసేపట్లోనే ఒకరు గిన్నె కదలకుండా పట్టుకోవాలి, ఒకరు పిండి పోస్తుండాలి, మరొకరు ఉండలు కట్టకుండా తెడ్డుతో కలపాలి. ఆ తర్వాత ఆకుమీద నెయ్యి రాసి, నువ్వులద్ది తట్టేవారొకరు, మూకుడు దగ్గర ఒకరు, తీసిన అరిసెను చెక్కల మధ్య నొక్కి నూనె పిండేవారొకరు. ఒంటరిగా చేసే వంట కాదిది. నవ్వులూ ఎకసెక్కాలూ లేకుండా సాగే వంట కూడా కాదు. మనసు ఎక్కడో ఉన్న మనిషిని ఆ పాకం ముందు కూర్చోబెట్టడం, చుట్టూ చేరినవాళ్లను నవ్వాలా వద్దా అని బిగదీసుకునేలా చేయడం రెండూ కష్టమే. అందుకే ఆచారం ఆ ఒక్క పనినీ ఆ ఇంటినుంచి తీసి పక్క ఇంటికి అప్పగించింది.

మిగతా వంటను ముట్టుకోలేదు, గమనించాలి. పోయిన రోజున పొయ్యి వెలగదు, కాఫీ కూడా బయటినుంచే. కర్మ జరిగేవరకు అన్నం, పప్పు, చారు వంటివాటితో గడుస్తుంది. ఆ తర్వాత రోజువారీ వంట ఒక్కొక్కటిగా తిరిగొస్తుంది. కాబట్టి పండగనాడు ఆ ఇంట్లోనూ కొత్త బియ్యం అన్నం ఉడుకుతుంది, గుమ్మడికాయ పులుసు కాగుతుంది. కొల్లేటి లంకల్లో అయితే కనుమనాడు చేపల పులుసుకు అడ్డేముంది, అది అక్కడ రోజూ ఉండేదే. కనుమకు మినుము తినాలి గనక గారెలు పొరుగు నుంచి వస్తాయి. పస్తూ కాదు, విందూ కాదు. ఉన్న పిల్లలు ఆకలితో ఉండరు, తల్లి పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చోదు, వేడుక బరువు మాత్రం ఆమె మీద పడదు.

ఈ ఆచారం మీద రెండు అభ్యంతరాలకు పదును ఉంది. ఉన్న బిడ్డ ఏం పాపం చేశాడన్నది మొదటిది. అన్నో చెల్లో పోయిన పిల్లవాడికి పండగ కూడా పోవాలా? ఇది న్యాయమైన ప్రశ్న. ఆచారం సరిగ్గా నడిచిన చోట దీనికి జవాబు కూడా ఉంది. మేనత్త ఇంట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో భోగిపళ్లు పోస్తారు, కొత్త బట్టలు అక్కడినుంచి వస్తాయి. చుట్టాలు దూరమై, ఆ జవాబు చెప్పేవాళ్లు లేని ఇంట్లో నియమం ఒక్కటే మిగిలితే అది శిక్షే అవుతుంది. అలాంటప్పుడు నియమాన్ని సడలించడం తప్పు కాదు. రెండోది ఇంకా గట్టిది. మూకుడు పెట్టని ఇల్లనే గుర్తు, బిడ్డ పోయిన తల్లిని శుభకార్యాలకు పిలవకపోవడానికి, ఆమె ఎదురొస్తే మొహం తిప్పుకోవడానికి సాకుగా మారింది. దీన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు. కానీ ఒకే గుర్తును రెండు రకాలుగా చదవవచ్చు: ఆ ఇంటికి వెళ్లొద్దని, లేదా ఆ ఇంటికి గిన్నె పట్టుకెళ్లాలని. మొదటి చదువును వదిలించుకోవడానికి రెండోదాన్ని కూడా పారేయనక్కర్లేదు. ఇక స్వగృహ దుకాణంలో కిలో అరిసెలు తూచి ఇస్తున్నారు కదా, ఈ గొడవంతా ఎందుకనేవాళ్లున్నారు. అరిసెలు దొరుకుతాయి, తెచ్చి పెట్టి కాసేపు కూర్చునే మనిషి ఆ తూకంలో రాడు.

ఇదేదో మనకొక్కరికే తట్టిన ఉపాయం కాదు. యూదుల్లో ఖననం నుంచి తిరిగొచ్చినవాళ్లు మొదటి భోజనం తమ సొంతది తినకూడదు, పొరుగువాళ్లే తేవాలి. గుడ్లు, పప్పుధాన్యాలు పెడతారు. ఇక బిడ్డకు చోటు సంగతంటే, గోదావరి జిల్లాల క్రైస్తవులకు నవంబరు 2న సమాధుల పండుగ ఉంది. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడ చిన్న సమాధికీ పెద్దదానికీ తేడా లేదు, సంక్రాంతి ఆకు ఇవ్వని చోటు బిడ్డకు దొరుకుతుంది.

ఏడాది గడువు మీద ఇంకో సందేహం మిగిలింది. బిడ్డ దుఃఖం పన్నెండు నెలల్లో తీరుతుందా? దుఃఖమంటే పోయినవాళ్లనుంచి మనసును మెల్లగా విడదీసుకోవడమని 1917లో అచ్చయిన వ్యాసంలో చెప్పిన మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్, 1920లో కూతురు సోఫీ పోయాక, 1929లో మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు రాసిన ఉత్తరంలో ఆ లోటు పూడదనే ఒప్పుకున్నాడు. ఆచారం కూడా తీరుతుందని అనలేదు. ఏడాది నిండాక పుట్టింటివాళ్లు బట్టలు తెచ్చి, దగ్గరుండి మూకుడు పెట్టించే ఇళ్లున్నాయి. అంటే మొదలుపెట్టే భారం కూడా తల్లి ఒక్కదానిదే కాదు. ఆ రోజు అరిసెల జోలికి పోకుండా నాలుగు బూరెలతోనో గుప్పెడు పాకుండలతోనో సరిపెట్టినా చాలు. అయితే పోయిన బిడ్డకు ఇష్టమైన వంట అందులో వేయాలా, దాన్ని ఇంకో ఏడు పక్కన పెట్టాలా అన్నది పుట్టింటివాళ్లు తేల్చకూడదు, అత్తింటివాళ్లు తేల్చకూడదు. పిండి కలపకముందే ఆ తల్లిని అడగాలి.